జనవరి చీటీ

ముందుగా నా రాతకు మన్నించాలి. నేను అక్షరాలు దిద్దింది యాభై ఆరో ఏట, మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి జారిపోతాయి, ఒక పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. ఈ కథలోని ఆట నేనెప్పుడూ ఆడలేదు. పక్కింటి పిల్లను కూర్చోబెట్టి అడిగి తెలుసుకుని రాశాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

గవర్నర్‌పేటలో చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు రామలింగానిది. తమ్ముడు దుర్గాశంకర్‌కి అందులో సగం వాటా ఉంది గాని బజారులో ఎవరూ అలా అనుకునేవారు కాదు. రామలింగం ఆరడుగుల రెండంగుళాల మనిషి. చల్లపల్లిలో చదువుకునే రోజుల్లో జిల్లా తరఫున బాస్కెట్‌బాల్ ఆడాడు. శంకర్ అన్న భుజం దాకా వస్తాడు. ఆ రోజుల్లో అతని పని కోర్టు బయట నిలబడి, దొర్లిపోయిన బంతిని తెచ్చి ఇవ్వడం.

ఏడేళ్ళ కిందట రామలింగం ఇంట్లో ఫాంటసీ లీగ్ అని ఒకటి పెట్టాడు. అమెరికాలో ఆడే ఆటగాళ్ళను ఇక్కడ కూర్చున్నవాళ్ళు వంతులవారీగా ఎంచుకుని, తలా ఒక కాగితపు జట్టు కట్టుకుంటారు. అక్కడ వాళ్ళు నిజంగా ఎంత బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకు అన్ని పాయింట్లు. ఎంచుకునే రోజును డ్రాఫ్ట్ అంటారు, అది అక్టోబర్లో. ఆడేది నలుగురు: అన్నదమ్ములిద్దరూ, రామలింగం కూతురు ఉషశ్రీ, ఒకప్పుడు అతనితో కలిసి ఆడి, తర్వాత స్కూల్లో ఆటల మాస్టారుగా చేసి రిటైరైన మరియదాసు.

డ్రాఫ్ట్ రోజున ప్రతివాళ్ళూ ఒక చీటీ మీద మూడు జోస్యాలు కూడా రాయాలి. చీటీలన్నీ కవర్లో పెట్టి అంటించాక అతుకు మీద మరియదాసు సంతకం చేస్తాడు. సీజన్ సగం అయ్యాక, జనవరి ఆఖరి ఆదివారం, ఎవరు ఎవర్ని ఎంచుకుని బాగుపడ్డారో ఎవరు మునిగారో మాట్లాడుకుని, ఆ కవరు విప్పి అందరి ముందూ చదువుతారు. నిజమైన జోస్యానికి పది పాయింట్లు. అందరికంటే చెత్త జోస్యం రాసినవాడికి శిక్ష. శిక్ష ఏమిటో రామలింగం చెబుతాడు.

ఆరేళ్ళుగా ఆ శిక్ష శంకర్‌దే. ఒక ఏడాది అన్న అతని మీసం తీయించాడు. ఇంకో ఏడాది నెలరోజుల పాటు కొట్టుకి వచ్చిన ప్రతి బేరగాడికీ "నాకు ఆటలు తెలియవండీ" అని చెప్పించాడు. "మావాడు ఎవర్ని ఎంచుకుంటే వాడి మోకాలు పోద్దిరా" అనేవాడు మరియదాసుతో, శంకర్ పక్కనుండగానే. శంకర్ కూడా నవ్వేవాడు. నవ్వకపోతే దానికి ఇంకో మాట పడేది.

సెప్టెంబర్లో రామలింగానికి కడుపులో నొప్పి మొదలైంది. స్కాన్ తీశాక డాక్టరు శంకర్‌నీ, వదిన రాజేశ్వరినీ లోపలికి పిలిచాడు. క్యాన్సర్ అనీ, ఆపరేషన్‌కి వీలు దాటిపోయిందనీ, డిసెంబరు గడవడం కష్టమనీ చెప్పాడు. గదిలోంచి బయటికి వచ్చేలోపే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. తెలిస్తే మనిషి ధైర్యం చెడుతుంది, ఉన్న నాలుగు రోజులూ ఉండడు అంది రాజేశ్వరి. పేగులో పుండు అని చెప్పారు. ఉషశ్రీకీ అదే చెప్పారు. రామలింగం మాత్రలు మింగి, కారం మానేశాడు.

అక్టోబర్లో డ్రాఫ్ట్ మామూలుగానే జరిగింది. మూడో వంతు వచ్చినప్పుడు రామలింగం ఒక కుర్రాణ్ణి ఎంచుకున్నాడు. ఆ కుర్రాడికి మడమ నరం తెగింది, ఆ ఏడాదంతా ఆడడు. అయితే వాళ్ళ లీగ్‌లో ఒక ఆటగాణ్ణి వచ్చే ఏడాదికి అట్టే పెట్టుకోవచ్చు. ఉషశ్రీ పడీ పడీ నవ్వింది. మంచాన పడ్డవాణ్ణి కొన్నావేంట్రా లింగం అని మరియదాసు ఎగతాళి చేశాడు.

"వీడు వచ్చే ఏడాదికి. నేను దూరం చూసి ఆడతాను, మీలాగా రేపటి కోసం కాదు," అన్నాడు రామలింగం.

శంకర్ నవ్వలేకపోయాడు. అన్న అతని వైపు తిరిగాడు. "ఏంట్రా ఆ ఏడుపు మొహం? నీకెలాగూ అర్థం కాదులే."

ఆ మాట చిన్నదే. అంతకన్నా పెద్దవి వంద పడ్డాడు. కానీ ఆ పూట అన్నకు తెలియనిది ఒకటి తనకు తెలుసు, పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి. చీటీ మీద మొదటి రెండు జోస్యాలు ఆటగాళ్ళ గురించి రాశాడు. మూడోదాని దగ్గర కలం ఆగింది. చదివే వేళకు అన్న ఉండడు, లేనివాడికి నొప్పేముంది అనుకున్నాడు. రాసి, నాలుగు మడతలు పెట్టి, కవర్లో పడేశాడు.

డిసెంబరు గడిచింది. రామలింగం చిక్కి సగమయ్యాడు గాని పోలేదు. కొట్టుకి రావడం మానేసి, మేడ మీద గదిలో టీవీ ఎదురుగా మంచం వేయించుకున్నాడు. అమెరికా ఆటలు మనకు తెల్లారుజామున మొదలవుతాయి, ఐదున్నరకల్లా లేచి కూర్చునేవాడు. జనవరి వచ్చాక శంకర్‌కి అన్నం సయించలేదు. పొద్దున్నే ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. ఎవరో బేరగాడు చీరల గురించి అడిగి పెట్టేసేవాడు. అలా పెట్టేశాక తన మనసులో ఉన్నది ఊరట కాదనీ, అన్న ఇంకా ఉన్నాడన్న విసుగనీ ఒకరోజు అతనికి తెలిసింది. ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేదు.

కవరు ఎలాగైనా చేజిక్కించుకోవాలని చూశాడు. నా చీటీలో తప్పు రాశాను, మార్చి రాస్తానని మరియదాసుని అడిగితే, ఒకసారి సంతకం పడ్డాక యేసయ్య వచ్చినా మార్చడానికి లేదన్నాడు. ఉషశ్రీని బతిమాలాడు, నాన్నకి ఓపిక లేదు కదా, ఈ ఏడాది ఈ చీటీలు చదవడాలు వద్దులేమ్మా అని.

"నాన్నే రోజూ అడుగుతున్నాడు బాబాయ్," అంది ఆ పిల్ల నవ్వుతూ. "నీ చీటీ వినడానికే బతికున్నానంటున్నాడు."

ఆ ఆదివారం నలుగురూ మేడ మీద గదిలో కూర్చున్నారు. రామలింగం దిండుకి ఆనుకుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కళ్ళ జట్టునీ విప్పాడు. గొంతు సన్నబడింది గాని నోరు తగ్గలేదు. మరియదాసు మొదటి వంతులో తీసుకున్నవాడు నవంబరంతా మెరిసి ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటున్నాడు, వాణ్ణి ఒక ఉతుక్కి రంగు పోయే సరుకన్నాడు. ఉషశ్రీ ఆఖరి వంతులో, ఎవరూ పట్టించుకోని ఒకణ్ణి ఏరుకుంది. వాడు రోజూ ఇరవై పాయింట్లకి తగ్గడం లేదు, అది గట్టి నేత అన్నాడు. శంకర్ నమ్ముకున్న పొడుగు ఆటగాడికి, సెంటర్ అంటారట, డిసెంబర్లో మోకాలు పోయింది. "చెప్పానా?" అన్నాడు. అందరూ నవ్వారు. తన మడమ తెగినవాడి గురించి మాత్రం, ఈ మధ్యే నడక మొదలుపెట్టాడట, వచ్చే అక్టోబర్లో మీ పని చెబుతాడు అన్నాడు.

అప్పుడు ఉషశ్రీ కవరు చింపింది. మరియదాసు చీటీ చదివారు, ఒకటి నిజమైంది. తర్వాత శంకర్‌ది. మొదటిది తప్పు. రెండోది తప్పు. చదివే ఊపులో ఆ పిల్ల మూడోది కూడా గట్టిగానే చదివేసింది.

"జనవరికి అన్నయ్య ఉండడు. ఆయన జట్టు ఉషశ్రీకి వస్తుంది."

ముందుగా మరియదాసు నవ్వాడు. ఎక్కడికి పోతాడట, కాశీకా అన్నాడు. శంకర్ కూడా పెదాలు కదిపాడు, సరదాకి రాశాననబోయాడు. అక్కడికి అది సరదాగానే దాటిపోయేది. కానీ గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో రాజేశ్వరి నిలబడి ఉంది. నాలుగు నెలలు గుండెల్లో దాచుకున్న మనిషి.

"నీకేం పోయేకాలం వచ్చింది శంకర్," అంది. "డాక్టరు నీకు చెప్పింది ఇలా రాసుకోడానికా?"

అన్నాక గాని తను ఏం అన్నదో ఆవిడకు తెలియలేదు. ఉషశ్రీ తల్లిని చూసింది, బాబాయిని చూసింది. చేతిలో చీటీని మళ్ళీ చూసింది.

రామలింగం ఒళ్ళోని కాగితాలు తీసి పక్కన పెట్టాడు. "ఎప్పుడు చెప్పాడు డాక్టరు?"

"సెప్టెంబర్లో," అన్నాడు శంకర్.

"అంటే డ్రాఫ్ట్‌కి ముందే."

"ముందే."

"అందుకా ఆ రోజు నవ్వలేదు నువ్వు," అన్నాడు రామలింగం. తర్వాత కూతురితో అన్నాడు, "జనవరి ఇంకా అవలేదు, నేనూ ఉన్నాను. జోస్యం తప్పు. సున్నా వెయ్యమ్మా."

ఉషశ్రీ వేసింది. రాజేశ్వరి మొగుడి కాళ్ళ మీద పడ్డట్టుగా కింద కూలబడి ఏడుస్తోంది. శంకర్ లేవబోయాడు.

"కూర్చో. శిక్ష వినవా?" అన్నాడు అన్న.

శిక్ష ఇదీ. రోజూ పొద్దున్న ఆరింటికి రావాలి. మంచం పక్కన కూర్చుని ఆట చూడాలి. వెళ్ళేముందు ఒక నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, పక్కన 'అన్నయ్య ఉన్నాడు' అని రాసి, చదివి వినిపించాలి.

మరియదాసు, వద్దురా లింగం అన్నాడు. రామలింగం వినలేదు.

మర్నాటి నుంచి శంకర్ వచ్చాడు. మొదటి వారం అక్షరాలు వంకర్లు పోయాయి. ఫిబ్రవరి నడుమకల్లా చెయ్యి అలవాటు పడింది, అది అతనికి ఇంకా అసహ్యంగా ఉండేది. రామలింగం వేరే ఏమీ అనేవాడు కాదు. తిట్టేవాడు కాదు, పాత మాట ఎత్తేవాడు కాదు. ఆట అయ్యాక వేలితో పుస్తకం చూపించేవాడు. నొప్పి ఎక్కువైన రోజుల్లో కళ్ళు మూసుకునే, "చదువు" అనేవాడు. శంకర్ చదివేవాడు. "తప్పు లేదుగా?" అని అడిగేవాడు అన్న. "లేదన్నయ్యా" అనాలి. ఒకసారి శంకర్ మంచం కోడు పట్టుకుని, నన్ను కొట్టు అన్నయ్యా, ఈ రాత మాత్రం మానిపించు అన్నాడు. ఇంకా సీజన్ అయిపోలేదురా అన్నాడు రామలింగం.

ఉషశ్రీ అంతకుముందు బాబాయిని నువ్వు అనేది. ఆ ఆదివారం నుంచి మీరు అంటోంది. కాఫీ గ్లాసు చేతికి ఇవ్వదు, కిటికీలో పెట్టి వెళుతుంది.

మార్చి రెండో వారంలో ఒకరోజు శంకర్ వచ్చేసరికి మెట్ల కింద చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. ఎవరూ అతనికి ఫోను చెయ్యలేదు. పైన టీవీ కట్టేసి ఉంది. రామలింగాన్ని కింద చాప మీదికి దించారు, పొడుగు మనిషి కావడంతో పాదాలు చాప దాటి గచ్చు మీదకు వచ్చాయి. రాజేశ్వరి మరిది వైపు చూడలేదు.

ఉషశ్రీ లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చింది. కలం మూత తీసి ఇచ్చింది.

"ఇవాళ్టిది రాయండి."

"వద్దమ్మా," అన్నాడు శంకర్.

"నాన్న చెప్పి పోయాడు. ఆఖరిది కూడా మీ చేత్తోనే రాయించమన్నాడు."

చుట్టూ బంధువులు ఉన్నారు. ఏం పుస్తకమో, ఏం రాతో వాళ్ళకు తెలియదు, చావు ఖర్చులేమో అనుకున్నారు. శంకర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తేదీ వేశాడు. 'అన్నయ్య' అని రాశాడు. ఆ మాట పక్కన కలం ఆనించి చాలాసేపు ఉంచాడు, సిరా ఊరి చుక్క పెద్దదైంది. తర్వాత 'లేడు' అని రాశాడు.

ఉషశ్రీ పుస్తకం అందుకుని చూసింది.

"ఈసారి సరిగ్గా రాశారు," అని, పుస్తకం మూసి, లోపలికి వెళ్ళింది.

రావమ్మ, వయసు అరవై ఎనిమిది.
ఇప్పుడు ఉంటున్నది చల్లపల్లి.