నాలుగుసార్లు నిండిన జగ్గు

నేను ఒక గాజు జగ్గును. అరలీటరు పడతాను. పార్వతీపురం బస్టాండు పక్కన దమయంతి కూల్‌డ్రింకు కొట్లో నా కాపురం. నాలో ఏదో మత్తు కలుపుతున్నారని, లేకపోతే పిల్లలు ఇంతలా ఎగబడరని పక్క టైలరు సూరమ్మ ఊరంతా అంటోందట. పాలుపోసే సన్నాసి మోసుకొచ్చిన కబురిది. మందూ లేదు, మాకూ లేదు. పాలు, గులాబీ రంగు, పదహారు చెంచాల పంచదార. అంతే.

పుట్టింది ఉత్తరాదిన ఏదో కొలిమిలో. ఒక హోటలాయన నన్ను కొని పదేళ్ళు మంచినీళ్ళు పోశాడు. అప్పట్లో నా వంక చూసినవాడు లేడు. హోటలు మూతపడ్డాక దమయంతి చేతికొచ్చాను. ఆమె కూతురు శ్రావ్య ఫోనుతో వీడియో తీసి, ‘ఒక్క గుక్కలో గులాబీ జగ్గు’ అని పేరు పెట్టి లోకం మీదికి వదిలింది. తాగింది దాని స్నేహితురాలు హైమ. కానిస్టేబుల్ పరుగు పరీక్ష కోసం రోజూ తెల్లారకుండానే మైదానం చుట్టే పిల్ల.

చూసినవాళ్ళకి కనబడింది ఒక్క జగ్గే. నిండిన నాకు తెలుసు సంగతి. మొదటిసారి బస్సు హారను అడ్డొచ్చింది. రెండోసారి హైమకి నవ్వొచ్చింది. మూడోసారి శ్రావ్య బొత్తాం నొక్కడం మరిచింది. నాలుగోసారికి కుదిరింది. వీడియోకి ప్రతిసారీ అంచుదాకా నింపాల్సిందే. కుదరనప్పుడు మిగిలినవి హైమ పారబోయబోతే దమయంతి గబుక్కున చెయ్యి పట్టుకుంది.

“పాలు ఒంపీకమ్మా, లచ్చిమి పోద్ది. తాగీ.”

తాగేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే వరస, రంగు మాత్రం మారేది. వీడియోల్లో హైమను చూసి కాలేజీ పిల్లలు బారులు తీరారు. మనుషులు దాహమేసి తాగడం ఎప్పుడో మానేశారు; ఎవరో తాగారని తాగుతారు.

ఆరు నెలలకి హైమ రెండో చుట్టులోనే మైదానంలో కూలబడింది. ఆసుపత్రిలో రక్తం చూసి, చక్కెర జబ్బన్నారు. పరుగు పరీక్ష పదిరోజుల్లో ఉంది. ఇప్పట్లో పరుగు మాటే ఎత్తవద్దన్నారు.

నిన్న హైమ కొట్టుకి వచ్చి, ఆ వీడియోలు తీసెయ్యమంది.

దమయంతి నన్ను తుడుస్తూనే ఉంది. “తీసీమంటే ఎలాగమ్మా? అవి చూసే కదా పిల్లలొస్తన్నారు. నీ ఒంటికి పడనేదు, నువ్వు మానీ. అందరికీ అలగే అవుద్దేటి?”

శ్రావ్య ఫోనులోంచి తల ఎత్తలేదు.

హైమ అంది: “ఇన్నాళ్ళలో శ్రావ్యకి ఒక్క జగ్గయినా పోసినావా, పిన్నీ?”