మెషిన్ ఎవరి మాట వింటుంది

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా సర్దుకుని చదవండి. ఈ కాసిని పేజీలు రాయడానికి వర్షాకాలమంతా పట్టింది. కథ మాత్రం అంత నెమ్మదిగా నడవదులెండి.

స్టిక్కరమ్మ అంటే ఆ సందులో తెలియనివాళ్ళు లేరు. కొట్ల అద్దాలకీ స్కూటర్ల వెనకా అంటించే అక్షరాలు కోసే కొట్టు ఆమెది. కంప్యూటర్‌లో పేరు కొడితే, పక్కనున్న కటింగ్ మెషిన్ సన్నటి బ్లేడుతో స్టిక్కర్ షీటు మీద ఆ పేరు కోస్తుంది. అక్షరం చుట్టూ మిగిలినదాన్ని గోటితో లేపి ఒలిచేయాలి. భర్త ఉన్నన్నాళ్ళూ కొట్టడం ఆయన పని, ఒలవడం ఈమె పని. ఒక్క అక్షరం చదవడం రాకుండానే 'క్ష' తోక తెగకుండా ఒలిచేది.

అద్దానికి లోపలివైపు అంటించే అక్షరాల్ని తిరగేసి కోస్తారు. బయటివాళ్ళకి సరిగ్గా కనిపించాలి కదా. ఆమె చేతికి ఎక్కువగా వచ్చినవి అవే. అందుకే ఆయన పోయాక కూతురి దగ్గర రాయడం మొదలుపెడితే అక్షరాలన్నీ అటు తిరిగి కూర్చున్నాయి. కూతురు నవ్వాపుకోలేక, పౌడరు అద్దం తెచ్చి పక్కన పెట్టుకుని దిద్దింది.

కూడబలుక్కుని చదవడం వచ్చాక కొట్టు తనే నడుపుతోంది. అలాంటిది ఒక పొద్దున ఆయన వాడిన కంప్యూటర్ మొహం నల్లగా పెట్టి ఊరుకుంది. మర్నాడే సందు చివర పళ్ళ డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి తెరుస్తోంది. ఆలోగా అద్దం తలుపు మీద పేరు పడాలి.

కూతురూ అల్లుడూ చెరొక ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగారు.

"అమ్మా, ఈ ఒక్క ఆర్డరూ చూద్దాం. ఇది అవకపోతే కొట్టుకి తాళం వేసి మా దగ్గరికి వచ్చేస్తున్నావు. రేపు ఈయన వచ్చి సామాను సర్దుతారు," అంది కూతురు.

"అవకపోతే కదా," అంది స్టిక్కరమ్మ.

అల్లుడిది కొత్త విండోస్. కూతురిది యాపిల్. వాళ్ళింట్లో ఈ రెండింటి తగువు పెళ్ళినాటి నుంచీ ఉన్నదే.

"విండోస్ లోకమంతా వాడేది అత్తయ్యా. ఏ సందేహం వచ్చినా ఎవరైనా చెప్తారు."

"రోజుకో సందేహం వస్తుంది కాబట్టి చెప్పేవాళ్ళు పెరిగారు. మాదాంట్లో అడిగే పనే ఉండదు."

"అంత పోసి కొన్నాక అడిగే స్తోమతే మిగలదను."

స్టిక్కరమ్మ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "మీ పంచాయితీ ఇంటికెళ్ళి తేల్చుకోండి. మెషిన్ ఎవరి మాట వింటుందో నాక్కావాలి."

అది ఎవరి మాటా వినలేదు. దాన్ని నడిపే ప్రోగ్రామ్ పాత విండోస్‌తోనే ఆగిపోయిందట, అల్లుడి ల్యాప్‌టాప్ దాన్ని గుర్తే పట్టలేదు. కూతురి యాపిల్‌కి ఆ లావుపాటి కేబుల్ దూరే చోటే లేదు. మధ్యలో ఇంకో వైరు తగిలించి చూసినా మెషిన్ ఉలకలేదు, పలకలేదు.

"ఇక కొత్త మెషిన్ కొనడమే అత్తయ్యా."

"చెప్పు సరిపోలేదని కాలు మార్చుకుంటామా బాబూ. మెట్ల కింద రిపేరాయన్ని కేకెయ్యి."

రిపేరాయన పాత డబ్బా విప్పి చూశాడు. పోయింది లోపలి డిస్కు ఒక్కటే. "వేరే డిస్కు వేస్తానక్కా. ఆ పాత విండోస్ ఇప్పుడు దొరకదు, దాని బదులు లినక్స్ ఎక్కిస్తాను. పాత మెషిన్లతో దానికి సావాసం ఎక్కువ."

"అది ప్రోగ్రాములు రాసేవాళ్ళకండీ," అన్నాడు అల్లుడు. "మా అత్తయ్య బొమ్మల గుర్తు మీద నడుపుతున్నారు. ఇందులో ఏదీ ఉన్నచోట ఉండదు."

అది నిజమే. పాతదాంట్లో ఏ బొమ్మ కింద ఏ బొమ్మ నొక్కాలో చేతికి అలవాటు, కంటికి కాదు.

"మాటలు తెలుగులో వస్తాయా తమ్ముడూ?"

"పెడితే వస్తాయక్కా."

"విండోస్‌లోనూ వస్తాయి," అన్నాడు అల్లుడు.

"వస్తాయేమో బాబూ. మెషిన్ పలకలేదుగా." ఆమె రిపేరాయన వైపు తిరిగింది. "ఎక్కించు."

మధ్యాహ్నానికి మెషిన్ కిర్రుమని కదిలింది. కూతురూ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆఫీసులకి వెళ్ళారు. రిపేరాయన ఇంకో పని మీద బయల్దేరాడు. ఆమె 'పళ్ళ ఆసుపత్రి' అని కొట్టింది. కోసి వచ్చిన అక్షరాల్ని ఎక్కడా తడుముకోకుండా చదివేసి మురిసిపోయింది. ఒలిచి, తీసుకెళ్ళి, తలుపు లోపల అంటించింది.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి చూసింది. "బాగుందమ్మా. నా కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి శుభ్రంగా కనిపిస్తుంది."

"అదేంటి డాక్టరమ్మా?"

"ఒకసారి బయటికి రండి."

బయట నుంచి చూస్తే అక్షరాలన్నీ అటు తిరిగి ఉన్నాయి. పాత కంప్యూటర్‌లో, అద్దం పని అనగానే పేరు తిరగబడేలా భర్తే అమర్చి పెట్టాడు. తిప్పాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ పడలేదు. పైగా ఇవాళ చదవగలిగిన సంతోషంలో, చదవడానికి వీలుగా రావడమే తప్పని తట్టలేదు.

"రేపు పొద్దున తెరవడానికి మా మామగారు వస్తున్నారు. ఆయన దేవుడికైనా వంకలు పెట్టే మనిషి," అంది డాక్టరమ్మ.

"ఆయనకి ఈ తలుపులో వంక దొరకదు," అని ఆమె గబగబా వెనక్కి నడిచింది.

కొట్లో ఫోను చేతిలోకి తీసుకుంది. అల్లుడు తప్పకుండా వస్తాడు. వస్తే తాళం కూడా తెస్తాడు. ఫోను బోర్లించి పెట్టి తెర ముందు కూర్చుంది. ఇక బొమ్మల జోలికి పోలేదు. ఒక్కో వరుసా తెరిచి, కింద వేలు పెట్టి చదువుతూ పోయింది. తెరువు. భద్రపరచు. అతికించు. కొన్ని మాటలు రెండుసార్లు కూడబలుక్కున్నా కొరుకుడు పడలేదు. వాటిని వదిలేసింది. 'అడ్డంగా తిప్పు' దగ్గర వేలు ఆగింది.

నొక్కింది. తెర మీద పేరంతా అటు తిరిగింది. చదవబోతే కష్టమే గానీ ఆ మొహాలన్నీ ఆమె గోళ్ళకి ఏనాటి నుంచో తెలిసినవే. షీటు బయటికి రాగానే చకచకా ఒలిచేసింది. సందులో దీపాలు వెలగకముందే తలుపు తిన్నగా అయింది.

పొద్దున్నే అల్లుడు ఖాళీ అట్టపెట్టెలతో వచ్చాడు. దారిలో ఆసుపత్రి తలుపు చూసే వచ్చినట్టున్నాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు అత్తయ్యా, ఎలా తిప్పాలో?"

"ఎవరూ చెప్పలేదు. అక్కడే రాసుంది, చదివాను."

అతను పెట్టెల వంక చూసుకున్నాడు. "మరి ఇవి?"

"స్టిక్కర్ చుట్టలు పెట్టుకోడానికి పనికొస్తాయి. ఆ మూల పెట్టు. అన్నట్టు, మీ ఇద్దరిలో ఎవరు నెగ్గారో తేలాక చెప్పు బాబూ, నీ కారు అద్దానికి ఆ పేరు కోసిస్తాను."

ఇట్లు, స్టిక్కరమ్మ, అరవై నాలుగేళ్ళు, పళ్ళ ఆసుపత్రి ఉన్న సందులో, కొట్టు పైగది.