అడుగు చప్పుడు

తండ్రీకూతుళ్లు ఒకే క్లాసులో చదవడం వినేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటేమిటో పడేవాళ్లను అడగాలి. పెద్దమ్మాయి క్రీడా శిక్షకుల కోర్సులో చేరి ఇంకా పుస్తకాలకు అట్టలైనా వేసుకోలేదు, ఒకరోజు క్లాసు తలుపు తోసుకుని, మెడలో ఈలతో సహా, వాళ్ల నాన్న లోపలికి వచ్చాడు. వెనక బెంచీలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు. పాఠం చెబుతున్న లెక్చరరే తడబడి, తన క్లాసుకు తానే ఆలస్యంగా వచ్చినవాడిలా నిలబడిపోయాడు.

ఆయన్ను అందరూ ఈల మాస్టారు అంటారు. ఆడపిల్లలకు హర్డిల్స్ నేర్పుతాడు. దారికి అడ్డంగా పెట్టిన కొయ్యల మీదుగా, పరుగు తెగకుండా దాటుకుంటూ పోవాలి, అదీ ఆట. ఆయన నేర్పిన పిల్లలు కప్పులు తెచ్చారు, కాదనడానికి లేదు. స్కూల్లో అద్దాల బీరువా నిండా ఆ కప్పులే. కప్పులు అందరికీ కనిపిస్తాయి. మోకాళ్లు ఎవడు చూస్తాడు? అలాంటి మనిషికి నెత్తిన పిడుగు పడ్డట్టు కొత్త నిబంధన వచ్చింది. సర్టిఫికెట్ లేనివాళ్లు వచ్చే ఏడాది నుంచి మైదానంలో పిల్లలకు ఏమీ నేర్పకూడదు. అందుకని ముక్కు మూసుకుని మందు మింగినట్టు కోర్సులో చేరాడు.

పెద్దమ్మాయి చేరింది వేరే కారణంతో. ఆమె కూడా ఒకప్పుడు ఆ కొయ్యలు దాటినదే. ఫైనల్ పరుగుకు ముందు మోకాలు నిప్పులా మండుతుంటే నాన్న దగ్గరికి వెళ్లి చెప్పింది. "నటనలు చాలించు. కాలు ఊడితే నేను అతికిస్తాలే, పో" అన్నాడు ఆయన. పోయింది. ఆఖరి కొయ్య దగ్గర కాలు మెలికపడి కూలబడింది. ఇక పరుగు మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఇప్పటికీ మెట్లు దిగుతుంటే లోపల ఏదో టక్కుమంటుంది.

ఆ రోజు నుంచి అమ్మది ఒకటే పాట. "ఆయనకు తెలియక చేశాడే. ఆయన చదువుకున్నాడా పెట్టాడా? బెత్తంతో నేర్చుకున్నాడు, బెత్తంతో నేర్పుతున్నాడు." పెద్దమ్మాయి ఆ మాటను నమ్మింది. నమ్మకపోతే ఆ ఇంట్లో ఆ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం ముద్ద మింగడం ఎలాగ? ఆయనకు తెలియనిదేదో అది తాను నేర్చుకోవాలి, తన చేతికి వచ్చే ఏ పిల్ల కాలూ అలా పోకూడదు అనుకుంది. అదే ఆమె చదువు.

కోర్సు చివర ప్రాక్టికల్ పరీక్ష. ప్రతివాళ్లూ తోటి విద్యార్థిని ఒకరిని ఎంచుకుని, వాళ్లు ఆ ఆట కొత్తగా నేర్చుకుంటున్నారనుకుని ఒక పాఠం చెప్పాలి. చెప్పడం అయ్యాక, బయటి నుంచి వచ్చి పరీక్ష చేసే మేడమ్ ఆ నేర్చుకున్నవాళ్లను ఒకే ఒక మాట అడుగుతుంది. "రేపు ఈ కోచ్ దగ్గరికి వస్తావా?" రానంటే, పాఠం ఎంత బాగా చెప్పినా సరే, తప్పినట్టే. మళ్లీ వచ్చే ఏడు దాకా పరీక్ష లేదు.

ఈల మాస్టారికి శిష్యుడు కావాలనేసరికి క్లాసులో అందరికీ ఉన్నట్టుండి జబ్బులు పట్టుకున్నాయి. గోల్‌కీపర్‌కు మణికట్టు బెణికింది. వాలీబాల్ కుర్రాడు, మణికట్టు జబ్బు అప్పటికే అయిపోవడంతో, నడుం పట్టుకున్నాడు. మిగిలింది ఎవరు? పెద్దమ్మాయి. అయితే ఆ మాట కూతురితో అడగడానికి నామోషీ ఆయనకు. వంటింట్లో అమ్మచేత రాయబారం నడిపించాడు.

"నువ్వే ఉండాలట. చెప్పమన్నాడు" అంది అమ్మ, గిన్నె తోముతూ.

"ఆయనకు నోరు పడిపోయిందా? పక్క గదిలోనేగా ఉన్నాడు."

"గట్టిగా అనకే. మైదానం పోతే ఆయన మనిషిగా మిగలడు. మనమంతా ఆ ముఖం చూడలేం. బయటివాళ్ల ముందు మాత్రం రానని అనకు తల్లీ. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది."

చిన్నది కింద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్దమ్మాయి చెల్లెలు అది, ఇప్పుడు నాన్న దగ్గర పరుగెత్తుతున్నది అదే. కుడి కాలి మీద తడిగుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పెట్టుకుంది.

"నొప్పా?" అంది పెద్దమ్మాయి.

"ఏం లేదు."

"నాన్నకు చెప్పావా?"

"చెబితే నటన అంటాడుగా" అంది చిన్నది, తల ఎత్తకుండానే.

పెద్దమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. వస్తానంటే చిన్నదాన్ని తన చేత్తోనే ఆయనకు అప్పజెప్పినట్టు. రానంటే కన్నతండ్రి కూడు తన నోటితో పడగొట్టినట్టు. మింగలేక కక్కలేక రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. ఆఖరికి మళ్లీ ఆ పాత మాటే పట్టుకుంది. పాపం, తెలియక చేశాడు. కోర్సులో ఇప్పుడైనా నాలుగు ముక్కలు నేర్చుకునే ఉంటాడు. వస్తానని అనేద్దాం, ఇంట్లో ఆ తర్వాత చూసుకుందాం.

పరీక్ష రోజు ఈల మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మెడలో ఈల లేదు. పొట్టి కొయ్యలు వరసగా నిలబెట్టి, సున్నం గీత మీద నిలబడి, "రామ్మా" అన్నాడు.

పెద్దమ్మాయి వెనక్కి తిరిగి చూసింది, ఎవర్ని పిలుస్తున్నాడా అని. తననే.

"భయపడకు తల్లీ. ఇది దూకుడు కాదు, నడకే. మెల్లగా కాలెత్తి దాటు. పడితే పడదాం, ఏం పోయింది? ఆ, అదీ. భేష్."

ఇన్ని తియ్యటి మాటలు ఇన్నేళ్లూ ఏ అటక మీద దాచాడో. 'భేష్' అన్న మాట ఆయన నోట వినాలని ఆమె చిన్నప్పుడు ఎన్ని పొద్దులు పరుగెత్తింది, ఎన్నిసార్లు వాంతి చేసుకుంది! ఆ రోజుల్లో దొరికింది 'ఏమే మొద్దూ', అది కూడా ఆయన మంచిగా ఉన్న రోజు. ఇప్పుడు పక్కన మేడమ్ నిలబడి చూస్తోంది కాబట్టి తేనె కారుతోంది. ఆమె పళ్లు బిగించి మొదటి కొయ్య దాటింది, రెండోది దాటింది.

"ఆగమ్మా" అన్నాడాయన. వచ్చి రెండు కొయ్యలనూ కిందికి దించాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆమె మడమ కింద చెయ్యి పెట్టాడు. "ఎడమ మోకాలు, లోపలివైపు. అవునా? కాలు ఎత్తేటప్పుడు కాదు, ఆనించేటప్పుడు గుచ్చుతోంది. అందుకే బరువంతా కుడి మీద పడేస్తున్నావు. ఇవాళ్టికి ఈ ఎత్తు చాలు. నొప్పి మీద ఎప్పుడూ పరుగెత్తకూడదు."

ఒక్క అక్షరం తప్పు లేదు. డాక్టరు ఫోటోలు తీసి మరీ చెప్పిన మాట అది.

మేడమ్ దగ్గరికి వచ్చింది. "నొప్పి ఉందని మీకు ముందే చెప్పిందా?"

"చెప్పక్కర్లేదు మేడమ్" అన్నాడు ఈల మాస్టారు, ముఖం వెలిగిపోతుండగా. "కళ్లు మూసుకున్నా చెప్తాను. ఏ పిల్ల కాలు నొస్తోందో, ఎక్కడ నొస్తోందో, అడుగు చప్పుడులోనే తెలిసిపోతుంది."

"ఈ కోర్సులో నేర్చుకున్నారా?"

"కోర్సేమిటండీ. మొదట్నుంచీ ఇంతే. నాకిది వెన్నతో పెట్టిన విద్య."

పెద్దమ్మాయికి చెవులు గింగురుమన్నాయి. మొదట్నుంచీ ఇంతే. అంటే ఫైనల్ రోజు ఆమె వెళ్లి చెప్పేటప్పటికే ఆయనకు తెలుసు. ఆమె చెప్పకముందే తెలుసు. వామప్ చేస్తున్నప్పుడే ఆ చప్పుడు విన్నాడు. విని, నటన అన్నాడు. ఇవాళ చిన్నది పరుగెత్తుతుంటే కూడా వింటున్నాడు. ఇన్నేళ్లూ తాను మింగిన ముద్దలన్నీ ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నినట్టయింది ఆమెకు. ఏడుపు కాదు. కోపం.

మేడమ్ ఆమె వైపు తిరిగింది. "చెప్పమ్మా. రేపు ఈ కోచ్ దగ్గరికి వస్తావా?"

"రాను."

ఈల మాస్టారి ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

"పాఠం నచ్చలేదా?" అంది మేడమ్. "నాకు చాలా బాగుందనిపించింది."

"బాగుంది మేడమ్. బాగుంది కాబట్టే రాను. ఈయన మా నాన్న. ఇదే మోకాలు నొస్తోందని చెబితే, నటన అని తోసి పరుగెత్తించాడు. తెలియక చేశాడనుకున్నాను ఇన్నాళ్లూ. అలా అనుకునే ఒకే ఇంట్లో బతికాను. తెలిసే చేశాడు. ఇంట్లో మా చెల్లెలికి ఇవాళ కూడా తెలిసే చేస్తున్నాడు."

మేడమ్ కలానికి మూత పెట్టి, తండ్రీకూతుళ్లను వదిలేసి, మెల్లగా ఆఫీసు గది వైపు నడిచింది.

తేనె అంతా ఇంకిపోయింది. "పరువు తీశావు కదే" అన్నాడు ఈల మాస్టారు, పళ్ల మధ్య నుంచి. "నాకు నేర్పినవాడు నన్ను అడిగాడా? ఆయనకు మాత్రం తెలియదా? ఆయన కూడా తెలిసే పరుగెత్తించాడు. నేను చచ్చానా?"

"అయితే అది ఎలా మండుతుందో కూడా నీకు తెలుసన్నమాట."

ఆయన వంగి కొయ్యలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఆమె సాయం చేయలేదు.

గేటు దాటకముందే ఫోన్ మోగింది. అమ్మ. పొద్దుట్నుంచీ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"ఏమైందే? పాసయ్యాడా?"

"చిన్నదాన్ని రేపు పొద్దున లేపకు. అది ఇక మైదానానికి వెళ్లదు."

"అదేమిటి?"

"దాని కాలు నొస్తోందని నాన్నకు తెలుసమ్మా. నాది కూడా తెలుసు. అన్నీ తెలుసు."

అబద్ధం అంటుందేమో, అయ్యో అంటుందేమో, కనీసం నా కూతురి కాలు అని ఏడుస్తుందేమో అని పెద్దమ్మాయి చూసింది.

"నీకెవరు చెప్పారు?" అంది అమ్మ, గొంతు తగ్గించి.

పెద్దమ్మాయి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎవరో సైకిల్ బెల్లు కొడుతూ తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు.

"ఫోన్ చిన్నదానికివ్వు" అంది.