గురువారం పన్ను నొప్పి

“ఆ ఒక్క పన్నుకి ఇంకా ఎన్ని గురువారాలు?” అన్నారు మా ఆయన, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే.

ఇది పదకొండోది అన్నాను, వంటగట్టు తుడుస్తూ. నిజానికి నా పళ్ళు రాళ్ళయినా నమిలేస్తాయి. నేను వెళ్ళేది సంగీత సభకి. అక్కడ పేరున్నవాళ్ళ సాయంత్రం కచేరీకి టిక్కెట్టు కొనాలంటే మా ఇంట్లో ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. గురువారం మధ్యాహ్నం రెండింటికి మాత్రం కొత్తగా పాడేవాళ్ళకి వేదిక ఇస్తారు, టిక్కెట్టు ఉండదు. దర్జాగా వెళ్ళి మూడో వరసలో కూర్చోవచ్చు. పాపం, వాళ్ళు ఒక్కోసారి శ్రుతి తప్పుతారు, బిక్కమొహం వేస్తారు, మళ్ళీ అందుకుంటారు. ఆ అందుకోవడం వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

మొదట్లో నిజమే చెప్పాను. ఆ వేళప్పుడు పాటలేమిటి, నాన్నగారికి కాఫీ ఎవరిస్తారు అన్నారు ఆయన. మామగారికి చేతులు రెండూ బాగానే ఉన్నాయి, రోజూ పొద్దున్నే బాడ్మింటన్ ఆడొస్తారు. మర్నాడు దవడ పట్టుకుని పన్ను నొప్పి అన్నాను. అయ్యో, వెళ్ళిరా, కాఫీ అమ్మ పెడుతుందిలే అన్నారు. మా ఇంట్లో ఆడదాని నొప్పికి సెలవుంది, సరదాకి లేదు. ఆ సంగతి అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. అయినా పన్నునే నమ్ముకున్నాను.

ఆవేళ చెప్పులేసుకుంటుంటే అత్తగారు చేతిసంచి తగిలించుకుని వచ్చారు. తనకీ పన్ను సలుపుతోందట, నా డాక్టరు దగ్గరికే వస్తారట.

“వెళ్ళమ్మా, పళ్ళ విషయంలో అశ్రద్ధ చెయ్యకూడదు,” అన్నారు ఆయన.

అత్తగారికి సొంత పన్ను ఒక్కటీ లేదు. ఆరేళ్ళ కిందట నేనే తీసుకెళ్ళి పైనా కిందా కట్టుడు పళ్ళు పెట్టించాను. తెల్లవార్లూ అవి బాత్రూం అద్దం ముందు గ్లాసులో నానుతుంటాయి. పొద్దున్నే ఆ అద్దంలోనే ఈయన గడ్డం గీసుకుంటారు.

బస్సెక్కాక ఆవిడ కిటికీలోంచి చూస్తూ, “పన్ను చూపించుకుని కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదే అమ్మాయ్,” అన్నారు. ఇంకేం చేస్తాను, ఉన్నదంతా చెప్పేశాను. కోప్పడలేదు సరికదా, హాల్లోకి నాకంటే ముందే నడిచారు. పాడుతున్న అమ్మాయి రెండుసార్లు తడబడింది, మూడోసారి అందుకుంది. కాఫీ వేళ దాటిపోయినా అత్తగారు ఒళ్ళో తాళం వేస్తూనే ఉన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నాకు సిగ్గేసింది. ఇద్దరం కలిసి వెళ్తున్నప్పుడు ఇంకా ఈ అబద్ధమెందుకు, ఇవాళే నిజం చెప్పేస్తానన్నాను.

“ఇప్పుడే వద్దులే. నా నోట్లో పళ్ళు లేవని వాడు కనిపెట్టేదాకా ఇలాగే వద్దాం,” అన్నారు ఆవిడ.