కిందికి దించిన పెన్ను

చెల్లెలు అడిగింది చాలా చిన్న ప్రశ్న.

"నీళ్లు దిగుతాయా, దిగవా? ఒక్క ముక్కలో చెప్పవే అక్కా. రేపు ఎనిమిదింటికి మేస్త్రీ వస్తున్నాడు. బట్టీకి పునాది పోశాక దాన్ని జరపడం నా తరం కాదు."

చెల్లెలి బేకరీ రేవు వీధిలో చివరిది. పున్నమికో అమావాస్యకో సముద్రం తలుపు కింది నుంచి అడక్కుండానే లోపలికి వస్తోంది. కిందటేడు మూడుసార్లు వచ్చింది, ఈ ఏడు ఇప్పటికే ఏడుసార్లు. పాత బట్టీ అడుగు ఇటుకలు నాని పగిలాయి. ఎడమవైపు పెట్టిన బ్రెడ్డు పచ్చిగానే ఉండిపోతోంది. కొత్త బట్టీ అక్కడే కట్టాలా, పైవీధిలో చూసిన గదిలో కట్టాలా అన్నది తేలాలి. పైవీధికి పోతే రేవు కూలీలు బ్రెడ్డు కోసం నలభై మెట్లెక్కి రారు. ఇక్కడే కడితే, నీళ్లు దిగకపోతే, బట్టీతో పాటు బతుకూ నానిపోతుంది.

అక్కని అడగడానికి కారణం ఉంది. రేవు చివరి గదిలో సముద్రం ఎత్తును కొలిచే ఉద్యోగం ఆవిడది. నీళ్లలోకి దించిన గొట్టంలో ఒక తేలుడు బంతి, దానికి తీగ, తీగ చివర పెన్ను. వారానికోసారి చుట్టు తిరిగే డ్రమ్ము మీద కాగితం చుట్టి ఉంటుంది. నీళ్లు లేస్తే పెన్ను లేస్తుంది, నీళ్లు దిగితే పెన్ను దిగుతుంది. సోమవారం పొద్దున్నే కాగితం మార్చాలి. ఏడేళ్లుగా ఇదే పని. అయినా చెల్లెలికి జవాబు చెప్పమంటే ఆవిడ తల గోక్కుంది.

"నాన్న ఏమన్నాడు?" అంది చివరికి.

"రెండేళ్లు ఓపిక పట్టమన్నాడు. అంతా చుట్టు తిరిగే వ్యవహారమేనట. ఆయన మాట నమ్మి మేస్త్రీని పిలిచాను. ఇప్పుడు నువ్వు ముఖం అలా పెడితే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

తండ్రి ఆవిడకు ముందు ముప్పై ఒక్కేళ్లు అదే గదిలో పనిచేసిన మనిషి. ఊరంతా నీళ్ల లెక్కాయన అంటారు. రోజూ మధ్యాహ్నం పాత బైనాక్యులర్ గుండా సూర్యుడి వెలుగును తెల్ల అట్ట మీద పడేసి, మచ్చలు లెక్కపెట్టి రాసుకునేవాడు. సూర్యుడికి పదకొండేళ్లకో చుట్టు, సముద్రానికి అంతకన్నా పొడుగు చుట్లు, ఒకసారి వెచ్చబడి ఉబ్బుతుంది, ఒకసారి చల్లబడి సర్దుకుంటుంది, ఈ మాత్రానికి గగ్గోలు ఎందుకంటాడు. పేపర్లో ఒకాయన ఔనంటే రెండో పేజీలో ఇంకొకాయన కాదంటాడు. రెండూ చదివిన రోజు ఆవిడకు రెండూ నిజమే అనిపించేవి. అదీ అసలు తలనొప్పి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో తన గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించి, తండ్రి గీసిన పొడుగాటి కాగితం చుట్ట నేల మీద పరిచింది. ముప్పై ఎనిమిదేళ్ల గీత, ఆఖరి ఏడేళ్లదీ ఆవిడ కాగితాలు చూసి ఆయనే గీశాడు. పైన నీలం పెన్సిలుతో సముద్రం, కింద పసుపు పెన్సిలుతో సూర్యుడి మచ్చలు. నీలం గీత నిద్రపోతున్నవాడి పొట్టలా లేస్తూ దిగుతూ ఉంది. మొదటి రెండు పదకొండేళ్ల చుట్లలో నీలం, పసుపు చేయీ చేయీ పట్టుకుని నడిచాయి. మూడో చుట్టుకి ఎవరి దారి వారిదే. అక్కడ తండ్రి "సముద్రం ఆలస్యం" అని రాసి ఊరుకున్నాడు. ఇంకా విచిత్రం, ఆఖరి రెండు చుట్లలో సూర్యుడి మచ్చలు మునుపటికన్నా తక్కువ. సూర్యుడు మందగిస్తే చెల్లెలి కొట్లోకి నీళ్లెందుకు ఎక్కువసార్లు వస్తున్నట్టు? పైగా ఈ గీత ప్రకారం సముద్రం మొదట ఎక్కడుందో ఇప్పుడూ దాదాపు అక్కడే ఉంది. ఎవరు అబద్ధమాడుతున్నారు, గీతా, గుమ్మమా?

తల బొప్పి కట్టాక పెట్టెలోంచి వారం వారం కాగితాలు తీసింది. ఒక కాగితం అంచున చిన్న బాణం, పక్కన "మూడు సెంటీమీటర్లు". తొమ్మిదేళ్ల తర్వాతి కాగితం మీద ఇంకో బాణం, మళ్లీ మూడు. ఇంకొంత కాలానికి మరొకటి, నాలుగు. మూడూ తండ్రి చేతి రాతే.

తండ్రి వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆవిడ కాగితాలు ఒళ్లో పెట్టింది.

"ఈ బాణాలేంటి నాన్నా?"

"పెన్ను దించినప్పటివి. పెద్ద పోటు వచ్చినప్పుడు పెన్ను కాగితం పై అంచు దాటి డ్రమ్ము మీద గీసేది. సిరా అంతా పాడు. అందుకని మర తిప్పి దాన్ని కాస్త కిందికి సర్దేవాణ్ణి. నీకూ నేర్పాను కదా, మర్చిపోయావా?"

ఆవిడ మర్చిపోలేదు. రెండేళ్ల కిందట తన చేత్తో తనే ఆ మర తిప్పింది. నాలుగు సెంటీమీటర్లు. రేవు గోడ మీది కొలబద్దతో సరిచూద్దామంటే దాని అంకెలు గుల్లలు పట్టి ఎప్పుడో మాసిపోయాయి. నెలనెలా తుడవాల్సింది కూడా తనే.

"దించింది చుట్టలో కలిపావా నాన్నా?"

"ఎందుకు కలపడం? ఎలాగూ చుట్టు తిరిగి దిగేదే కదా."

"మూడు, మూడు, నాలుగు, నాది నాలుగు. పద్నాలుగు. నాన్నా, నీళ్లు దిగలేదు. పెన్నే దిగింది."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. "అయితే సూర్యుడి మచ్చలు కూడా నేనే చెరిపానా?"

"లేదు. మచ్చలు నిజం. సముద్రం లేచి దిగడమూ నిజమే. అది దిగిన ఏళ్లు నాకూ కనిపిస్తున్నాయి. కానీ ప్రతిసారీ మొదలుపెట్టిన చోటికి రావట్లేదు. సూర్యుడు తగ్గిన ఏళ్లలోనే ఎక్కువ పెరిగింది. మరి వేడి ఎక్కణ్ణుంచి వస్తోంది? మన పొగే అంటున్నారు, నేను వినీ విననట్టున్నాను. నాకేం అర్థం కావట్లేదు నాన్నా, కాదు, అర్థమవుతోంది, అదే భయంగా ఉంది."

ఆయన కాగితాలు తిరిగి ఇవ్వలేదు. భోజనానికి పిలిచినా లేవలేదు. ముప్పై ఒక్కేళ్లు ఒక్క రోజు సెలవు పెట్టకుండా నిజం రాశాననుకున్న మనిషి ఆయన. ఆయన్ని చూస్తే ఆవిడకు కోపం రావాల్సింది పోయి ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున ఆవిడ రేవు గదికి బయల్దేరితే ఆయన కూడా చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజు అమావాస్య పోటు. తలుపు తీసేసరికి పెన్ను పై అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. కొత్త కాగితం చుట్టింది. చూస్తుండగానే పెన్ను అంచును తాకింది.

అలవాటు పాడు గాను, ఆవిడ చెయ్యి దానంతటదే మర మీదికి వెళ్లింది. వెళ్లి అక్కడే ఆగింది. వెనక తండ్రి ఊపిరి వినిపిస్తోంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, పెన్ను పక్కకు జరిపి, సొరుగులోంచి జిగురు డబ్బా తీసింది. పాత కాగితంలోంచి నాలుగు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి పై అంచున అతికించింది. పెన్ను మళ్లీ ఆనించాక అది ఆ ముక్క మీదికి నెమ్మదిగా ఎక్కింది.

ఆయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మేస్త్రీ ఎన్నింటికన్నాడు?"

"ఎనిమిదింటికి."

"చెల్లికి ఫోన్ చెయ్. మేస్త్రీని పైవీధి గది దగ్గరికి తీసుకురమ్మను. ఆ నలభై మెట్లూ నేనే ఎక్కి చెప్తాను, తప్పు లెక్క చెప్పింది నేనేనని." తర్వాత జిగురు డబ్బా తన వైపు లాక్కున్నాడు. "ఈ ముక్క చాలదు. ఇంకో పెద్ద కాగితం ఇలా ఇవ్వు."