రామదాసు గీసిన అంచు

రెండువేల రెండు ఎండాకాలంలో, మగ్గం మీద చీర సగంలో ఉండగానే రామదాసు ప్రాణం తీసుకున్నాడు. దినాలు అయిపోయాక భార్య నాగలక్ష్మమ్మ అటక మీది రేకుపెట్టె దింపి పొయ్యి దగ్గరికి ఈడ్చింది. దాన్నిండా కాగితాలే. రామదాసూ, అతని తండ్రీ గళ్ల కాగితాల మీద రంగులద్ది గీసిన చీర అంచులు, నాలుగు పెళ్లి ఫోటోలు, పాత ఉత్తరాల కార్డులు.

"గీసిన మనిషే పాయె. ఇంగ ఇవెందుకు?" అంది.

కూతురు సునంద పెట్టెకు అడ్డం కూర్చుంది. "కాల్చొద్దుమా. చేనేత సంఘం గ్రంథాలయంలో ఇచ్చొస్తా. ఆడన్నా ఉంటాయి."

ఇంట్లో కనబడకుంటే చాలనుకుని నాగలక్ష్మమ్మ ఊరుకుంది. గ్రంథాలయం చూసుకునే ఓబులేసు వాటిని బీరువాలో భద్రం చేసి, 'పాత చేనేత నమూనాలు' అని చీటీ అంటించాడు.

మగ్గం అమ్మేశారు. నాగలక్ష్మమ్మ పక్కవీధిలో మగ్గాలకు దారం కండెలు చుట్టే పనికి కుదిరింది. కొన్నేళ్లకు ధర్మవరం బజారులో ఒక అంగడి ముందు ఆమె కాళ్లు ఆగిపోయాయి. చవక చీరల కుప్ప. అంచు నిండా వేరుశనగ పూలు, పూల కింద నేలలోకి వంగిన ఊడలు. సునంద పుట్టిన ఏడు రామదాసు గీసిన అంచు అది.

"ఇది యాడిదప్పా?"

"మరమగ్గం సరుకమ్మా. బాగా పోతాండాది."

ఆమె సునందను వెంటబెట్టుకుని తిన్నగా గ్రంథాలయానికి పోయింది. ఆ అంచు బజారుకెట్లా వచ్చిందని అడిగితే ఓబులేసు తల వంచుకున్నాడు.

"పోయినేడు ఒకాయన వచ్చి ఈ అంచులకు ఫోటోలు తీసుకోని పోయినాడక్కా. ఎవురు గీసినారని అడగను కూడా అడగలా. అడిగినోళ్లకు చూపించేదే కదా నా పని."

"మా పెట్టె మాకిచ్చెయ్."

"తీస్కపోయి ఏం చేస్తావుమా?" అంది సునంద.

నాగలక్ష్మమ్మకు పొయ్యి గుర్తొచ్చింది. కాగితాలు బయటికి తీయమంది. భర్త పోయాక వాటిని ముట్టుకోవడం అదే మొదలు. ఒకదాని మూలన ఎర్రరంగు వేలిముద్ర ఉంది. దాని మీద తన వేలు ఆనించి, వెంటనే తీసేసింది.

"ఇది మీ నాయనది. రాయి," అంది. "ఇది మీ జేజినాయనది."

సునంద ఒక్కో కాగితం వెనక పేరు రాస్తూ పోయింది. వెలుతురు తగ్గేదాకా రాసినా పని తెమల్లేదు. మర్నాడు మళ్లీ వచ్చి ముగించారు. పెట్టె గ్రంథాలయంలోనే ఉండిపోయింది.

పేర్లు రాసినంత మాత్రాన మరమగ్గాలు ఆగలేదు. ఉగాదికి కండెల పని కూడా నిలిచిపోయింది. తల్లీకూతుళ్లు బట్టల ఫ్యాక్టరీలో పనికని బెంగళూరు బయల్దేరారు. సాగనంపడానికి పక్కింటి లక్ష్మీదేవమ్మ బస్టాండుకు వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. అంచు నిండా వేరుశనగ పూలు.

"పండగకు తీసుకుంటినక్కా. బాగుండాదా?"

సునంద మొహం తిప్పుకుంది. నాగలక్ష్మమ్మ ఆ అంచును పైట నుంచి పాదాల దాకా చూసింది.

"బాగుండాది," అని బస్సెక్కింది.