ఒవెన్‌కు పెట్టిన బొట్టు

మహిపాల్ పనిచేసేది నాచారంలోని ఒక పౌడర్ కోటింగ్ షెడ్డులో. ఇనుప సామానుకు రంగు పొడి పట్టించి భట్టీలో కాల్చడం వాళ్ల పని. ఆ పొడి ఆవిరి విషమని, ఆ భట్టీలో టిఫిన్ డబ్బా కూడా వెచ్చబెట్టుకోవద్దని కొత్తవాళ్లకు చెప్పేది అతనే. ఆ మాట తన ఇంటికి వర్తించదనుకున్నాడు మహానుభావుడు.

దసరా ఆయుధ పూజకు తన పాత మారుతి బానెట్ ఎత్తితే ఇంజిన్ పైమూత ఎర్రగా మెరవాలి. అదీ అతని కోరిక. షెడ్డు భట్టీలో సొంత సామాను పెట్టనివ్వరు. భార్య సంతోషి బతుకమ్మకని బోడుప్పల్‌లోని పుట్టింటికి వెళ్లింది. ఉప్పల్‌లోని ఇంట్లో, ఆమె కేకులు చేసి అమ్మే ఒవెన్ ఖాళీగా ఉంది. అతని బుద్ధి గడ్డి తిన్నది. మూతకు రంగు పొడి పట్టించి అందులోనే కాల్చాడు.

తర్వాత భయమేసి, సబ్బూ నిమ్మకాయా పెట్టి ఒవెన్‌ను తళతళా తోమాడు. సంతోషి తిరిగొచ్చాక చెబుదామనుకున్నాడు. ఆమె వచ్చాక, పండుగ వెళ్లనీలే అని ఊరుకున్నాడు.

పండుగ పొద్దున పూలు కొనుక్కొని వచ్చేసరికి ఇల్లంతా కేకు వాసన. పక్కింటి శ్యామలమ్మ మనవరాలి పుట్టినరోజుకని సంతోషి కేకు పెట్టింది. ఒవెన్‌కు పసుపు, కుంకుమ బొట్టు, పైన బంతిపువ్వు.

"కారుకు తర్వాత పెడ్దాం. మనకు కలిసొచ్చింది ఇదే గదా," అంది సంతోషి. "ఎన్నడూ చాయ్ కప్పు కడగనోనివి, గింత మంచిగ ఎట్ల తోమినవయ్యా!"

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనిపించింది మహిపాల్‌కు. అంతలో పుట్టినరోజు పిల్ల కొత్త గౌను వేసుకొని గుమ్మంలోంచి తొంగిచూసి, "ఆంటీ, కేక్ అయిందా?" అంది.

పిల్లను పంపించి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ కేకు ఇయ్యకు సంతోషీ. నువ్వు లేనప్పుడు అండ్ల కారు మూతకు రంగు కాల్చిన. ఇగ దాంట్ల తినేది ఏదీ చెయ్యొద్దు."

ఆమె స్విచ్ ఆపింది. తిడితే బాగుండునని ఎదురుచూశాడు.

"కొత్తది తెస్త," అన్నాడు. ఆ మాట అతనికే చప్పగా వినిపించింది.

సంతోషి కొంగుతో ఒవెన్ మీది బొట్టు తుడవబోయి, ఆగింది.

"నా కోసమే కడిగినవని పొద్దుగాల్ల నుంచి గల్లీల అందరికీ చెప్పుకున్న," అంది.